మా లోడరు వదిలిన నీలం పొగ

మా ఆయన హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో కూర్చున్న మూడు నెలలూ మా లోడరు కూడా ఇంటి పక్కన రేకుల షెడ్డులో కదలకుండా నిలబడి ఉంది. ఆయన రోజూ పొద్దున టీ గ్లాసు పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళేవాడు. చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను కాలితో తట్టి, వచ్చి మంచం మీద కూర్చునేవాడు. నేను నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో పోయి వస్తాను. ఇల్లు దాటే ముందు ఆయనకు అదే పాఠం మళ్ళీ మళ్ళీ చెప్పేదాన్ని: "వంగేది లేదు. బరువెత్తేది లేదు. బండి స్టార్ట్ చేసేది లేదు." ఆయన బుద్ధిగా తల ఊపేవాడు. నేను బస్సెక్కగానే పోయి లోడరు సీట్లో కూర్చుని, లీవర్లు పట్టుకుని ఊరికే ముందుకూ వెనక్కూ ఆడించేవాడని పక్కింటి అత్త చాలా రోజుల తర్వాత చెప్పింది.

ముందున్న ఇనుప బకెట్టుతో మట్టీ రాళ్ళూ ఎత్తే ఆ బండి కాగితాల మీద స్కిడ్ స్టీర్ లోడరు. మా వీధిలో అందరికీ చిన్న లోడరు. పెద్ద లోడర్ల పక్కన పెడితే దూడలా ఉంటుంది. దాని చక్రాలు పక్కలకు తిరగవు. ఒక వైపు చక్రాలు ఆగి, రెండో వైపు చక్రాలు నడిస్తే, నిలబడిన చోటే గిర్రున తిరుగుతుంది. అందుకే శిల్పాలు చెక్కే షెడ్లలో దానికి అంత గిరాకీ. ఆళ్లగడ్డలో ఆ షెడ్లకు కొదవ లేదు. రేకుల కప్పు కింద వరసగా సగం చెక్కిన దేవుళ్ళు, ఇంకా ముట్టుకోని బండలు, నడుమ సన్నటి దారి. అక్కడికి క్రేన్ పోవడానికి వీలుకాదు. మా ఆయన పోతాడు. చెక్కడం పూర్తయిన విగ్రహాన్ని పసిబిడ్డను తీసినట్టు తీసి బయట లారీకి ఎక్కిస్తాడు. పదకొండేళ్ళలో ఆయన చేతుల మీదుగా పోయిన విగ్రహాల్లో ఒక్క ముక్కు కొస గానీ, ఒక్క వేలు గానీ విరగలేదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకునే మనిషి సోమవారం వినాయకుణ్ణి ఎత్తుకుంటాడని మా చర్చి పాస్టరు అయ్యగారు ఒకసారి నవ్వుతూ అంటే, మా ఆయన నవ్వకుండానే జవాబు చెప్పాడు: "రాయి పగలగూడదు అయ్యగారూ. నాకు తెలిసింది అంతే."

మూడు నెలలు నిండాక డాక్టరు బండి నడపవచ్చన్నాడు. బరువులెత్తడం, వంగి పనిచేయడం మాత్రం ఇంకా కొన్నాళ్ళు వద్దన్నాడు. ఆ తర్వాత వచ్చిన సోమవారం పొద్దునే ఆయన బ్యాటరీ ఛార్జింగ్ పెట్టించుకొచ్చి బండి స్టార్ట్ చేశాడు. సైలెన్సరు నుంచి నల్లటి పొగ ముద్దలు ముద్దలుగా లేచి పక్కింటి మిద్దె మీదికి పోయింది. అత్త ఆరేసిన తెల్ల పంచ మీద మసి పడింది. ఆమె మిద్దె మీది నుంచే అరిచింది: "ఏందప్పా ఇది, ఇటుకల బట్టీ పెట్టినావా?"

మా ఆయన ఇంజను ఆపి కిందికి దిగాడు. నల్ల పొగంటే ఇంజనుకు గాలి చాలడం లేదని ఆయనకు తెలుసు. గాలి లోపలికి పోయే దారిలో ఉండే ఎయిర్ ఫిల్టరు తీయమని నాకు చూపించాడు. నేనే తీశాను. నేలకేసి తట్టగానే పిండి జల్లెడ పట్టినట్టు రాతిపొడి రాలింది. ఆపరేషన్‌కు ముందు రెండు నెలలు నొప్పితోనే బండి నడిపి, దాని బాగోగులు పట్టించుకోలేదని అప్పుడు ఒప్పుకున్నాడు. మరుసటి రోజు ఆ పాత ఫిల్టరును బియ్యం సంచిలో వేసుకుని బస్సెక్కాను. డ్యూటీ అయ్యాక నంద్యాలలో విడిభాగాల కొట్టుకు పోయి, అచ్చం అలాంటిదే కొత్తది తెచ్చాను. బుధవారం దాన్ని బిగించి రెండు నిమిషాలు నడిపి చూస్తే నల్ల పొగ పోయింది. ఆ పూటంతా నేను కొంచెం గొప్పలు పోయాను. పక్కింటి అత్తకు కూడా ఫిల్టరు గురించి పాఠం చెప్పాను. తొందరపడ్డానని మరుసటి రోజే తెలిసింది.

గురువారం ఆయన శిల్పాల షెడ్డుకు పనికి పోయాడు. సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి లోడరు షెడ్డులో ఉంది. ఆయన దాని ముందు తలకిందులు చేసిన నీళ్ళ బకెట్ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"నీలం పొగ."

"నలుపు పోయింది గదా?"

"నలుపు పోయింది. నీలం వచ్చింది. షెడ్డు లోపలికి పోయి బండను ఎత్తినాక ఒగటే పొగ. ఆడ పన్జేసేటోళ్ళంతా దగ్గుకుంటా బయటికొచ్చినారు."

"పెద్దాయన ఏమన్నాడు?"

పెద్దాయనంటే ఆ షెడ్డు యజమాని, ముసలి శిల్పి. మా ఆయనకు మొదటి పని ఇచ్చింది ఆయనే.

"ఏమన్నా అనింటే బాగుండు. ఏమనలే. గుడ్డ తీసుకొని ద్వారపాలకుని భుజం తుడుచుకుంటా నిలబడినాడు. ఆయిల్ చుక్కలు పడినాయి దాని మీద. తుడిచినాక, బండి రొంత బయట పెట్టప్పా అన్నాడు. నన్ను బయటికి పొమ్మన్నట్టే ఉండింది నాకు."

ఆ షెడ్డులో ఇద్దరు ద్వారపాలకుల విగ్రహాలు సిద్ధమవుతున్నాయి. ఒక్కొక్కటి అయిదడుగుల ఎత్తు, నల్లరాయి. ఎక్కడో గుడి ముందు నిలబెట్టడానికి. వచ్చే శుక్రవారం వాటి కోసం లారీ వస్తుంది. మూడు నెలల తర్వాత మా ఆయన చేయబోయే మొదటి పెద్ద పని అది.

శనివారం నంద్యాల నుంచి మెకానిక్ అన్న వచ్చాడు. మా ఆయనకు ఇంజను పని నాలుగు ముక్కలు నేర్పింది ఆయనే. బండి స్టార్ట్ చేయించి, నీలం పొగ మొదలయ్యేదాకా చూశాడు. ఆయిల్ పోసే మూత తిప్పి తీశాడు. అందులో నుంచి బుస్సున పొగ వచ్చింది. మూత మళ్ళీ బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

"రింగులప్పా. ఇంజను దించాల. మూడు వారాలనుకో."

నీలం పొగంటే డీజిల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుతోందని అర్థం. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పాడైతే ఆయిల్ పైకెక్కి కాలుతుంది. ఇది మా ఆయన కూడా కాదనలేదు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను.

"అన్నా, మూడు నెలలు కదలకుండా నిలబడిన బండికి రింగులెట్లా అరిగినాయి?"

ఆయన విసుక్కోలేదు. "అరగలేదమ్మా, పట్టేసినాయి. నిలబడినా పట్టేస్తాయి. నువ్వు ఆసుపత్రిలో జూస్తాంటావు గదా, మనిషి మంచంలో పడుకుంటే కీళ్ళు పట్టేయవా?"

సోమవారం వచ్చి ఇంజను దించుతానని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ పూట అన్నంలో చెయ్యి పెట్టి కలిపి, అలాగే వదిలేశాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్దాయనకు ఫోన్ చేయబోయాడు. వేరే లోడరును చూసుకోమని చెప్పడానికి. నేను ఫోన్ తీసుకున్నాను.

"సాయంత్రం దాకా ఆగు. నాకు కొన్ని అడగాల్సినవి ఉండాయి."

"నన్నా, బండినా?"

"నిన్నే. బండి మాట్లాడదు గదా."

ఆసుపత్రిలో కొత్తగా చేరిన రోగి దగ్గర మేము మొదట చేసే పని ప్రశ్నలు అడగడం. ఎప్పటి నుంచి, ఏ వేళప్పుడు, అంతకు ముందు ఏం జరిగింది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని కాబట్టి నాకు అడగడం తప్ప వేరే దారి తెలియదు.

"ఆపరేషన్‌కు ముందు ఎప్పుడన్నా నీలం పొగ వచ్చిందా?"

"లేదు."

"ఆయిల్ తగ్గుతాండెనా?"

"లేదంటి గదా."

"ఇప్పుడు స్టార్ట్ చేసిన వెంటనే వస్తాదా, రొంతసేపటికా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "వెంటనే రాదు. అయిదారు నిమిషాలకు మొదలైతాది. పోను పోను ఎక్కువైతాది."

"రింగులు పట్టేసింటే మొదటి నిమిషం నుంచే రావద్దా?"

"ఏమో మే. నువ్వేమన్నా మెకానిక్కువా?" అన్నాడు కానీ, లేచి నిలబడ్డాడు. "దా, చూద్దాం పా."

నేను ఆయన పాత ప్యాంటు, చొక్కా వేసుకుని వచ్చాను. అత్త మిద్దె మీది నుంచి చూసి పడీపడీ నవ్వింది. లోడరు వెనక తలుపు తీస్తే ఇంజను కనిపిస్తుంది. ముందు పాత గుడ్డలతో ఇంజనంతా తుడిచాను. ఎక్కడ నుంచి ఆయిల్ వస్తోందో మురికిలో కనిపించదు, అందుకని. తుడుస్తూ ఉంటే ఒకచోట ఆయిల్ మిగతా చోట్ల కంటే తాజాగా, తడిగా ఉంది. ఆయిల్ గేజి మూతి చుట్టూ. ఇంజనులో ఆయిల్ ఎంత ఉందో చూడడానికి గొట్టంలోకి దించే సన్నటి ఇనుప పట్టీనే ఆయిల్ గేజి అంటారు. అది పూర్తిగా లోపలికి దిగి ఉండాలి. ఒక వేలు ఎత్తున పైకి లేచి ఉంది.

"దీన్ని సరిగా పెట్టలేదా నువ్వు?"

"నిన్న అన్న చూసి పెట్టినాడు. నేను గూడా చూసినా."

దాన్ని గట్టిగా లోపలికి నొక్కాను. ఆయన బండి స్టార్ట్ చేశాడు. నేను దూరంగా నిలబడి గేజి మీదనే కళ్ళు పెట్టుకుని చూస్తున్నాను. మూడు నిమిషాలు ఏమీ లేదు. నాలుగో నిమిషంలో అది చిన్నగా కదిలింది. తర్వాత ఎవరో లోపల నుంచి వేలితో తోసినట్టు కొంచెం కొంచెంగా పైకి వచ్చింది. దాని పక్క నుంచి ఆయిల్ బుడగ ఒకటి లేచి పగిలింది. అప్పుడే సైలెన్సరు దగ్గర నీలం పొగ మొదలైంది.

నేను అరిచాను. ఆయన ఇంజను ఆపి వచ్చాడు. చూపించాను.

"ఏదో తోస్తాంది దీన్ని. లోపల గాలి నిండుకొని, పోను దారిలేక తోస్తాంది."

ఆయన నా మొహం చూశాడు. తర్వాత ఇంజను వైపు చూశాడు. ఉన్నట్టుండి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఊపిరి పైపు!"

ఇంజను నడిచేటప్పుడు దాని అడుగున కొంత గాలి చేరుతుందట. అది బయటికి పోవడానికి బ్రీదర్ పైపని ఒకటి ఉంటుంది. మా ఆయన దాన్ని ఊపిరి పైపంటాడు. మా బండికి అది ఇంజను పక్క నుంచి కిందికి దిగి, నేలవైపు మూతి పెట్టుకుని ఉంటుంది. అది మూసుకుపోతే లోపలి గాలి ఆయిల్‌ను దొరికిన సందులన్నిటిలోకీ నెడుతుంది. రింగులు బాగున్నా సరే ఆయిల్ పైకెక్కి కాలుతుంది. ఈ మాటలు చెప్తూ చెప్తూనే ఆయన మోకాళ్ళ మీద కూర్చోబోయాడు. నేను భుజం పట్టుకుని లేపాను.

"వంగేది లేదంటి గదా. యాడుందో చెప్పు, నేను చూస్తా."

మొదట లోడరు బకెట్టు నేలకు ఆనిందో లేదో చూసి, తాళంచెవి తీసి నా జేబులో వేసుకున్నాను. ఇంజను చల్లబడేదాకా కూర్చున్నాం. గోనెసంచి పరుచుకుని పక్కకు పడుకుని, ఫోన్ లైటు వేసి, చెయ్యి లోపలికి పెట్టాను. అడుగున ఉండాల్సిన రేకు ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి చెయ్యి పట్టింది. ఆయన పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకుని, వంగకుండా నా నెత్తిన నిలబడి చెప్తున్నాడు.

"నల్ల పైపు."

"ఈడ అన్నీ నల్లవే."

"బొటనవేలంత లావు. అది కాదు మే, అది డీజిల్‌ది. దాని పక్కది. ఇంకొంచెం కిందికి. ఆ."

నా వేలికి పైపు చివర దొరికింది. లోపలికి వేలు పోవాలి. పోలేదు. గట్టిగా, గరుకుగా ఏదో తగిలింది. లైటు వేసి చూస్తే పైపు మూతికి మట్టి బిరడా బిగించినట్టు ఉంది. తలుపు సందుల్లో, స్విచ్చు బోర్డుల్లో గూళ్ళు కట్టే సన్ననడుం కందిరీగ పని అది. మూడు నెలలు ఎవరూ కదిలించని బండి కింద దానికి మంచి చోటు దొరికింది. మా నల్లరేగడి మట్టి ఎండితే ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. స్క్రూడ్రైవరుతో పొడవబోతే ఆయన ఆపాడు. ముక్కలు లోపలికి పోతాయట. క్లిప్పు వదులు చేసి, పైపునే ఊడదీసి బయటికి తెచ్చాను. సిమెంటు చప్టా మీద పెట్టి చిన్న సుత్తితో తడితే గూడు ముక్కలై రాలింది. అందులో రెండు పొరల గదులు, పిల్లల తిండికని కందిరీగ దాచిన సాలెపురుగులు నాలుగైదు, ఎండిపోయి. మూతి నుంచి జానెడు లోపలి దాకా కట్టింది. పైపును డీజిల్‌తో కడిగి, కంటి దగ్గర పెట్టుకుని చూశాను. అవతల అత్త మిద్దె కనిపించింది.

బిగించి, ఆయిల్ సరిచూసి, స్టార్ట్ చేశాం. అయిదు నిమిషాలకు మళ్ళీ నీలం పొగ వచ్చింది.

ఆయన సీట్లోంచి నా వైపు చూడలేదు. నేను గేజి వైపు చూశాను. అది కదలలేదు. ఊపిరి పైపు మూతి దగ్గర అరచెయ్యి పెట్టాను. వెచ్చటి గాలి మెత్తగా తగులుతోంది.

"ఆపొద్దు!" అన్నాను. "ఇంకొంచెం సేపు నడపనీ. గేజి లేయడం లేదు."

"సైలెన్సరులో చేరిన పాత ఆయిల్ కాలాల గదా," అన్నాడు ఆయన. అది నాకు చెప్పాడో, తనకు తాను చెప్పుకున్నాడో.

పది నిమిషాలు. పదిహేను. పొగ పలచబడింది. చివరికి సైలెన్సరు పైన గాలి వేడికి అల్లల్లాడడం తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన బకెట్లో మట్టి నింపి ఎత్తాడు, దించాడు, నిలబడిన చోటే రెండు చుట్లు గిర్రున తిప్పాడు. పొగ రాలేదు. అత్త మిద్దె మీది నుంచి చప్పట్లు కొట్టింది. నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా సూది పట్టిన చేతులు అవి. వాటిని కడుక్కోవడానికి నాకు మనసు రాలేదు.

సోమవారం పొద్దున ఇంజను దించడానికి మెకానిక్ అన్న గొలుసులతో వచ్చాడు. మా ఆయన పోయి బండి స్టార్ట్ చేశాడు. అన్న సైలెన్సరు చూశాడు. గేజి చూశాడు. ఆయిల్ మూత తీసి, ఈసారి చాలాసేపు అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చేసినారు?"

మా ఆయన కాగితంలో పొట్లం కట్టి ఉంచిన మట్టి గూడు ముక్కలు చూపించాడు. అన్న వాటిని వేళ్ళతో నలిపి చూశాడు.

"మొన్న మూత తీస్తే గాలి బుస్సుమనింది గదా, రింగులదే అనుకున్నా. రొంతసేపు మూత తీసి పెట్టింటే అది తగ్గిపోయిండేది, నాకు తెలిసిండేది. ఆగలే నేను." మా ఆయన వైపు తిరిగాడు. "ఎవరు కనిపెట్టినారు? నువ్వేనా?"

"పైపు సంగతి నాకు తట్టింది. కనిపెట్టింది మా ఇంటామె."

మా ఆయన ఆ మాట చెప్పిన తీరు నాకిప్పటికీ చెవిలో ఉంది. గొంతు పెంచలేదు. రాయి పగలకూడదని అయ్యగారికి చెప్పినప్పుడు ఎలా చెప్పాడో, అలాగే, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. మెకానిక్ అన్న నాకు చెయ్యెత్తి దండం పెట్టబోతే నేను సిగ్గుపడి లోపలికి పోయి టీ పెట్టాను.

శుక్రవారం నేను సెలవు పెట్టి శిల్పాల షెడ్డుకు పోయాను. అంతకు ముందు ఎన్నోసార్లు ఆయనకు అన్నం క్యారియరు ఇవ్వడానికి పోయాను గానీ, ఆయన పని చేస్తుండగా నిలబడి చూసింది లేదు. లారీ బయట నిలబడి ఉంది. ద్వారపాలకులకు గోనెపట్టాలు చుట్టి, బెల్టులు కట్టారు. మా ఆయన లోడరును లోపలికి తెచ్చాడు. అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి ఎడం తప్ప దారి లేదు. పనివాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఇంకా మొహం చెక్కని అమ్మవారి విగ్రహం ఒకటి దారికి అడ్డంగా మోచెయ్యి చాపి ఉంది. ఆయన బెల్టులను, బకెట్టు తీసి దాని చోట బిగించిన ఇనుప ఫోర్కులకు తగిలించుకుని, విగ్రహాన్ని నేలకు నాలుగు వేళ్ళ ఎత్తు మాత్రమే లేపాడు. అలా లేపి కాసేపు ఆగాడు. విగ్రహం ఊగడం పూర్తిగా ఆగేదాకా కదలలేదు. తర్వాత నడక కంటే నెమ్మదిగా వెనక్కి వచ్చి, అమ్మవారి మోచెయ్యి ముందు, దారి కాస్త వెడల్పైన చోట ఆగి, ఉన్న చోటే తిరిగి, బయటికి వచ్చాడు. షెడ్డులో ఎవరూ దగ్గలేదు. నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని, మొదటి విగ్రహం లారీలో కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు.

రెండోది కూడా ఎక్కింది. పెద్దాయన లారీ ఎక్కి, గోనెపట్టా కొంచెం తొలగించి, ద్వారపాలకుడి భుజం మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. అరచెయ్యి ఒకసారి చూసుకున్నాడు. శుభ్రంగా ఉన్నట్టుంది, దిగాడు. ఆయన ఎన్నో నెలలు పడిన కష్టం అది. మా ఆయన వైపు చూసి తల ఊపాడు, అంతే. మా ఆయనకు అది చాలు. ఆయన సీట్లో నిటారుగా కూర్చున్న తీరు చూస్తే ఆపరేషన్ అయిన మనిషని ఎవరూ అనరు.

తర్వాత పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, నువ్వేనంట గదా బండి బాగు చేసింది?"

"మీకెవరు చెప్పినారయ్యా?"

"నంద్యాల మెకానిక్కు. సోమవారం ఈడికొచ్చి, నేను తప్పు చెప్పినా, ఆ పిల్ల కరెక్టు జెప్పింది అని అందరి ముందరా చెప్పిపోయినాడు. గట్టి మనిషే ఆయప్ప."

ఆ సంగతి మాకు తెలియదు. పొరపాటు ఒప్పుకోవడానికి ఆయన దారి మార్చుకుని ఇక్కడి దాకా వచ్చి, అప్పుడు నంద్యాల బస్సెక్కాడన్నమాట. నాకు ఆయన మీద కూడా గర్వం కలిగింది. అయినవాళ్ళలో ఒకరు మంచి పని చేస్తే కలిగేటట్టు.

పెద్దాయన షెడ్డు మూలకు చెయ్యి చూపించాడు. రాళ్ళు చెక్కే మిషన్లకు గాలి ఇచ్చే కంప్రెసరు అక్కడ దడదడలాడుతోంది.

"దానికి నాలుగు దినాల నుంచి కటకటమని ఒగ శబ్దం వస్తాంది. యాడనో తెలీడం లేదు. రొంత జూస్తావా తల్లీ?"

మా ఆయన లోడరు మీది నుంచి పకపకా నవ్వాడు. నేను చీర కొంగు నడుముకు చుట్టుకుని కంప్రెసరు దగ్గరికి నడిచాను.

"ఎప్పటి నుంచి వస్తాంది? పొద్దున స్టార్ట్ చేసిన వెంటనేనా, రొంతసేపటికా?" అని అడిగాను.